కిటికీలోంచి కనిపించినంత

“మళ్ళీ చెప్పు,” అంది చిటపట.

“వ్యాను వేగంగా వచ్చింది. డ్రైవరు కుడి చేత్తో ఫోను పట్టుకుని మాట్లాడుతున్నాడు. ఫోనుకి తెల్ల కవరు ఉంది. మా అమ్మని గుద్దేశాడు. దిగి చూడకుండా…”

“కాదురా! దిగి కనీసం చూడనైనా చూడకుండా. ‘కనీసం’ అన్న మాట ముఖ్యం. అక్కడ గొంతు కొంచెం వణకాలి.”

“ఊఁ,” అన్నాడు వాడు.

మేడ మీద నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చుని ఉన్నారిద్దరూ. ఎండ మండిపోతోంది. మర్నాడే కోర్టు.

వాడు చిటపట పిన్ని కొడుకు. ఎనిమిదేళ్ళవాడు. ఎవరేం చెప్పినా “ఊఁ” అంటాడు కాబట్టి ఇంట్లో వాడి పేరు ఊఁకొట్టు. పదకొండేళ్ళ చిటపటకి ఆ పేరెందుకు వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. కాలిన పెనం మీద నీళ్ళు చల్లితే ఎలా ఉంటుందో ఆ పిల్లకి కోపం వస్తే అలా ఉంటుంది. తేడా ఒకటే. పెనం కాసేపటికి చల్లారుతుంది.

ఈసారి కోపం మాత్రం నెలల తరబడి చల్లారలేదు. దానికి కారణం ఉంది.

పిన్నిది ఇంటింటికీ ఉత్తరాలు పంచే ఉద్యోగం. సైకిలు మీద తిరుగుతుంది. ఏ ఇంటి గేటు కిర్రుమంటుందో, ఏ ఇంటి కుక్క ఉత్తుత్తినే మొరుగుతుందో ఆమెకి తెలిసినంతగా ఆ ఇళ్ళవాళ్ళకే తెలియదు. ఒక మధ్యాహ్నం, సరిగ్గా వాళ్ళ మేడ కింది మలుపులోనే, ఫర్నిచరు షాపు వ్యాను ఆమెని గుద్దింది. కాలు విరిగింది. తలకి దెబ్బ తగిలింది. కాలు ఎలాగో అతుక్కుంది కానీ, ఆ మలుపు దగ్గర జరిగింది మాత్రం తలలోంచి పూర్తిగా తుడిచిపెట్టుకుపోయింది.

ఇప్పుడు పిన్ని చేతికర్రతో నడుస్తోంది. పోస్టాఫీసు వెనకగదిలో కూర్చుని కవర్ల మీద ముద్రలు కొడుతోంది. ఇంటికి వచ్చాక, “రోజంతా కుర్చీకి అంటించేశారే నన్ను! నా మీద కూడా ఒక ముద్ర కొట్టేస్తే ఏ ఊరికైనా పోదును,” అంటుంది. నవ్వుతూనే అంటుంది. ఆ నవ్వు చూస్తే చిటపటకి ఒళ్ళు మండిపోతుంది.

అంతకంటే ఎక్కువ మండించేది మరొకటి ఉంది. “ఆవిడే చెయ్యి చూపించకుండా మలుపు తిరిగింది, తప్పు ఆవిడదే,” అంటున్నాడు డ్రైవరు. అదే నిజమని కోర్టు తేలిస్తే, కాలు పూర్తిగా బాగయినా పిన్నికి సైకిలూ వీధులూ తిరిగి ఇవ్వనని పోస్టుమాస్టరు ముందే చెప్పేశాడు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఆ వెనకగదే.

వ్యాను గుద్దినప్పుడు మలుపు దగ్గర ఇంకెవరూ లేరు. ఎండకి షాపులు సగం మూసేశారు. కిటికీ దగ్గర హోంవర్కు చేసుకుంటున్న ఈ పిల్లలిద్దరే చూశారు. గుద్దిన చప్పుడు విని వచ్చినవాళ్ళందరూ మేమూ చూశామన్నారు. కోర్టుకి రండి అంటే మాత్రం ఒకరికి పంటినొప్పి, ఒకరికి పెళ్ళి.

మరి ఫోను ఎక్కడినుంచి వచ్చిందంటారా?

మొదటిరోజు చిటపట, “ఫోను చూసుకుంటున్నాడేమో వెధవ!” అంది. జిరాక్సు షాపు ఆంటీ, “చూసుకుంటూనే ఉంటాడు, ఈ డ్రైవర్లందరూ అంతే,” అని తన ఫోను చెవి దగ్గర పెట్టుకుని మరీ చేసి చూపించింది. రెండోరోజుకి ‘ఏమో’ ఎక్కడో జారిపోయింది. మూడోరోజు పోలీసు ఇంటికి వచ్చి అడిగేసరికి ఫోనుకి కవరు కూడా వచ్చేసింది. చిటపట గబగబా చెప్పింది. పోలీసు గబగబా రాసుకున్నాడు. “నువ్వు కూడా అదే చూశావా బాబూ?” అని అడిగితే ఊఁకొట్టు ఏమన్నాడో మీరే ఊహించుకోండి.

“అక్కా,” అన్నాడు ఊఁకొట్టు, ట్యాంకుకి ఆనుకుని. “చొక్కా సంగతి?”

“ఏ చొక్కా?”

“అతను దిగాడు కదా. చొక్కా విప్పి మడతపెట్టి అమ్మ తల కింద…”

“అది చెప్పకు!”

“దిగాడుగా మరి?”

“ఎప్పుడు దిగాడు? గుద్దేశాక దిగాడు! గుద్దకముందు దిగితే అది దిగడం. ఇది దిగడం కాదు.” చిటపట మొహం ఎర్రబడింది. “నువ్వు చొక్కా అన్నావనుకో, జడ్జిగారికి జాలి పుడుతుంది. జాలి పుడితే వదిలేస్తారు. వదిలేద్దామా? మీ అమ్మ కర్ర పట్టుకుని కుంటుతుంటే వాడు వ్యాను వేసుకుని తిరుగుతాడు. సరేనా?”

“వద్దు.”

“మరి చొక్కా ఉందా?”

వాడు కాసేపు ఎండలోకి చూశాడు. “లేదు.”

“మళ్ళీ మొదట్నుంచి చెప్పు.”

* * *

కోర్టు హాలు రెండో అంతస్తులో ఉంది. బయట పొడవాటి వరండా. గోడ పొడుగునా బల్లలు. లక్షమంది కూర్చుని నున్నగా చేసినట్టున్నాయి. చిటపట వాటి మీద రెండుసార్లు జారింది. బల్ల మీద కూడా కోపం వచ్చింది.

ఎదురు బల్ల మీద డ్రైవరు కూర్చుని ఉన్నాడు. ఆ రోజు పైనుంచి అతని మొహం సరిగ్గా కనిపించలేదు. చిటపట మనసులో ఇన్నాళ్ళూ పెద్ద మీసాలవాడు, ఎర్రకళ్ళవాడు ఒకడు ఉన్నాడు. ఇక్కడేమో సన్నగా, మెడ పొడుగ్గా ఉన్న మనిషి. చొక్కా గుండీ ఒకటి తప్పి పెట్టుకున్నాడు. నీళ్ళసీసా మూత తీస్తుంటే చేతులు వణుకుతున్నాయి.

‘వణకనీ,’ అనుకుంది చిటపట.

తమ తరఫున వాదించే లాయరమ్మ నల్లకోటు సర్దుకుంటూ వచ్చి పిల్లల ముందు వంగింది. “భయపడకండి. చూసింది చూశామని చెప్పండి. చూడనిది చూడలేదని చెప్పండి. గుర్తు లేకపోతే గుర్తు లేదనండి. సాక్షి పని అంతే.”

“అంతేనా? అతను తప్పు చేశాడని చెప్పక్కర్లేదా?” అంది చిటపట.

“అది తేల్చడానికి లోపల జడ్జిగారు ఉన్నారు. ఆవిడ పని కూడా నువ్వే చేసేస్తే ఆవిడకి జీతం దండగ కదా.”

లాయరమ్మ లోపలికి వెళ్ళింది. వెంటనే బంట్రోతు వచ్చి ఊఁకొట్టుని లేపి దూరపు బల్ల మీద కూర్చోబెట్టాడు.

“ఏయ్, వాడు మా తమ్ముడు!”

“ఎవరైనా సరే. సాక్షులు కేసు సంగతి మాట్లాడుకోకూడదు.”

“మేమిద్దరం ఒకే ఇంట్లో ఉంటాం. మా టూత్‌పేస్టు కూడా ఒకటే.”

“అయితే టూత్‌పేస్టు గురించి మాట్లాడుకోండి. అదీ గట్టిగా, నాకు వినపడేలాగ.”

“ఎందుకు మాట్లాడకూడదు?”

“ఒకళ్ళ మాట ఇంకొకళ్ళకి అంటుకుంటుంది, జలుబులాగ,” అని బంట్రోతు తలుపు దగ్గరికి పోయి నిలబడ్డాడు.

ముందు పిన్నిని పిలిచారు. చిటపట అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. డ్రైవరు కూడా లోపలికి వెళ్ళాడు. తలుపు మూసేశారు.  తర్వాత పిన్ని గొంతు తలుపుని చీల్చుకుని వచ్చింది.

“నేను ఈ వీధుల్లో సైకిలు తొక్కడం మొదలుపెట్టినప్పుడు మీకింకా పాలపళ్ళే ఊడలేదు! నాకా మీరు చెయ్యి చూపించడం నేర్పేది?”

ఎవరో చేత్తో బల్ల చరిచారు. గొంతు తగ్గింది.

చిటపట పిడికిళ్ళు బిగించింది. చెబుతాను. ఫోను సంగతి చెబుతాను. కనీసం చూడనైనా చూడలేదని చెబుతాను. వాడి పని అయిపోవాలి.

తలుపు తెరుచుకుంది. బంట్రోతు గొంతెత్తి ఒక పేరు పిలిచాడు. ఎవరూ కదల్లేదు. మళ్ళీ పిలిచాడు.

“ఒరేయ్, నువ్వేరా!” అంది చిటపట.

అది ఊఁకొట్టు అసలు పేరు. ఇంట్లో ఎవరూ ఆ పేరుతో పిలవరు కాబట్టి, ఇంకెవరో అనుకుని పాపం వాడు కూడా అటూ ఇటూ వెతుకుతున్నాడు. లేచి తలుపు దాకా నడిచాడు. పెదాలు కదులుతున్నాయి. బట్టీ పట్టిన ఎక్కం అప్పజెప్పబోయేవాడిలా ఉన్నాడు. గడప దగ్గర ఒకసారి వెనక్కి చూసి, లోపలికి వెళ్ళిపోయాడు.

చిటపటకి కూర్చోబుద్ధి కాలేదు. వరండా చివర కిటికీ దగ్గరికి వెళ్ళి కిందికి చూసింది.

కింద కోర్టు ఆవరణలో బళ్ళు ఆగి ఉన్నాయి. ఒక కారు, రెండు ఆటోలు. సరిగ్గా కిటికీ కిందికి ఒక వ్యాను వచ్చి ఆగింది. దాని టాపు మీద దుమ్ము. దుమ్ములో పిల్లి అడుగులు. ఒక పాత చెప్పు కూడా ఉంది, అది అక్కడికి ఎలా ఎక్కిందో దానికే తెలియాలి.

“డ్రైవరు ఎలా ఉంటాడో?” అనుకుని వంగింది. కనిపించలేదు. మునివేళ్ళ మీద లేచి ఇంకా వంగింది. టాపే కనిపించింది. లోపలున్న మనిషి బయటపెట్టిన మోచెయ్యి మాత్రం కాస్త కనిపించింది. అతను ఫోను మాట్లాడుతున్నాడో, పాట పాడుతున్నాడో, నిద్రపోతున్నాడో పైనుంచి తెలిసే దారే లేదు.

చిటపట కిటికీ చువ్వలు పట్టుకుని అలాగే ఉండిపోయింది.

వాళ్ళ కిటికీ కూడా రెండో అంతస్తులోనే ఉంది. అదీ సరిగ్గా మలుపు మీదే.

కళ్ళు మూసుకుంది. ఆ మధ్యాహ్నాన్ని మళ్ళీ చూసింది. రోడ్డు వారగా ఆగి ఉన్న చెత్తబండి. దాన్ని తప్పించడానికి తెల్లగీత దాటి ఇవతలి వైపుకి వచ్చేసిన వ్యాను. నీలం టాపు. టాపు మీద తాడు చుట్ట. ఒక పక్క చిరిగిన టార్పాలిను. ఇంత స్పష్టంగా కనిపిస్తోందే! మరి డ్రైవరు?

లేడు. టాపు కింద ఉన్నాడు.

మరి తెల్ల కవరు?

జిరాక్సు షాపు ఆంటీ ఫోనుది తెల్ల కవరు.

 ఇన్నాళ్ళూ రాత్రి పడుకునేముందు కూడా ఆ ఫోను కళ్ళముందు కనిపించేది. ఎన్నిసార్లు చెప్పిందో అన్నిసార్లూ కనిపించింది. చెప్పీ చెప్పీ తనే దాన్ని అక్కడ పెట్టింది.

ఆంటీ మీద కోపం వచ్చింది. కిటికీ మీద కోపం వచ్చింది. ఆ వ్యానుకి టాపు పెట్టినవాడి మీద కోపం వచ్చింది. చివరికి మోయలేనంత కోపం ఒకటి వచ్చింది, అది ఎవరి మీదో ఆ పిల్లకి తెలుసు.

పరుగున తలుపు దగ్గరికి వెళ్ళింది. “మా తమ్ముడితో ఒక్క మాట చెప్పాలి! ఒక్క మాటే!”

“ఏం మాట?”

“కేసు సంగతే.”

“అదే వద్దన్నాను.” బంట్రోతు తలుపుకి అడ్డం నిలబడ్డాడు. “వాడి సాక్ష్యం అయిపోయింది. అటు గదిలో కూర్చోబెట్టారు. పద, ఇప్పుడు నిన్నే.”

* * *

సాక్షి నిలబడే బోను పెద్దవాళ్ళ కోసం కట్టింది. చిటపట లోపలికి వెళితే జుట్టు మాత్రమే బయటికి కనిపించింది. ఒక చిన్న పీట తెచ్చి వేశారు. ఎక్కి నిలబడింది. పీట కుంటిది. టకటకమంది.

జడ్జిగారు కళ్ళజోడు పైనుంచి చూసింది. “నిజానికీ అబద్ధానికీ తేడా తెలుసా పాపా?”

నిన్న అడిగితే తడుముకోకుండా చెప్పేది. ఇప్పుడు ఆలోచించింది.

“పొద్దున దాకా తెలుసనుకున్నానండీ. ఇప్పుడు ఇంకొంచెం బాగా తెలుసు.”

జడ్జిగారు రాసుకుంటున్న కలం ఆపింది. “సరే. ఇక్కడ నిజమే చెబుతావా?”

“చెబుతానండీ.”

లాయరమ్మ లేచి నిలబడింది. “ఆ రోజు ఏం చూశావో చెప్పమ్మా.”

చిటపట హాలు మొత్తం చూసింది. ముందు వరసలో పిన్ని, ఒళ్ళో అడ్డంగా కర్ర. పక్కన అమ్మ. అటు వైపు గుండీ తప్పిన చొక్కాతో డ్రైవరు తల వంచుకుని ఉన్నాడు. ఊఁకొట్టు లేడు. వాడు లోపల ఏం చెప్పాడో తెలియదు. ఫోను అన్నాడా? తను లేదంటే వాడు అబద్ధాలకోరు అవుతాడు. ఉందంటే తనవుతుంది.

“జడ్జిగారూ, మా తమ్ముడు ఫోను అన్నాడా?”

“ఒక సాక్షి చెప్పింది ఇంకొక సాక్షికి నేను చెప్పను. నువ్వు చూసింది చెప్పు.”

చిటపట బోను చెక్కని గట్టిగా పట్టుకుంది. “అని ఉంటే అది వాడి మాట కాదండీ. నా మాట. మేడ మీద కూర్చోబెట్టి నేనే బట్టీ పట్టించాను.”

హాల్లో గుసగుసలు లేచాయి. లాయరమ్మ చేతిలోని కాగితాలు కిందికి దిగాయి. డ్రైవరు తరఫు లాయరు మాత్రం పాలగిన్నె మీద మూత తీసి ఉందని చూసిన పిల్లిలా కుర్చీలో ముందుకి జరిగాడు.

“నేను ఫోను చూడలేదు,” అంది చిటపట. గొంతు కోపంతో వణికింది. ఎవరూ నేర్పకుండానే. “మా కిటికీలోంచి వ్యాను టాపు కనిపిస్తుంది. నీలం టాపు. తాడు చుట్ట ఉంది. అతను లోపలేం చేస్తున్నాడో నాకు కనిపించలేదు. కానీ చెత్తబండిని తప్పించడానికి వ్యాను తెల్లగీత దాటి ఇవతలికి వచ్చేసింది. అది పైనుంచి నాకు బాగా కనిపించింది. అది నేర్చుకున్నది కాదు. చూసింది.”

“తర్వాత?” అంది జడ్జిగారు.

తర్వాత.

చిటపట పెదవి కొరుక్కుంది. ఇది ఎవరూ అడగరు. తను చెప్పకపోతే అతని మాట ఎవరూ నమ్మరు. మెడపొడుగు మనిషి వైపు చూసింది. కోపం అలాగే ఉంది, ఏమీ తగ్గలేదు.

“తర్వాత అతను దిగాడు. పారిపోలేదు. చొక్కా విప్పి మడతపెట్టి మా పిన్ని తల కింద పెట్టాడు. అంబులెన్సు వచ్చేదాకా ఎండకి అడ్డంగా నిలబడ్డాడు. అది చెప్పొద్దని కూడా మా తమ్ముడికి నేనే చెప్పాను.”

పిన్ని తల ఎత్తింది. డ్రైవరు కూడా తల ఎత్తాడు. మొదటిసారి తిన్నగా చిటపట వైపు చూశాడు.

“నా వైపు చూడకు! నేను నీ పక్షం కాదు!” అంది చిటపట.

“పాపా, నాతో మాట్లాడు,” అంది జడ్జిగారు. ఆమె పెదవి చివర ఏదో కదిలింది, వెంటనే సర్దుకుంది.

డ్రైవరు లాయరు లేచాడు. “అంటే పోలీసులకి అబద్ధం చెప్పావన్నమాట.”

“అవును.”

“మీ తమ్ముడి చేత ఇక్కడ అబద్ధం చెప్పించావు.”

“అవును.”

“మరి ఇప్పుడు చెప్పేదైనా నిజమని ఎలా నమ్మమంటావు?”

చిటపటకి చెవులు వేడెక్కాయి. “చొక్కా సంగతి నాకు నచ్చలేదండీ. చెప్పాలని అస్సలు లేదు. అయినా చెప్పాను కదా! ఇంకేం కావాలి?”

లాయరు కోటు సర్దుకున్నాడు. గొంతు మార్చాడు. ఇప్పుడు తియ్యగా ఉంది. “సరేనమ్మా. ఒక్కటే ప్రశ్న. మీ పిన్ని మలుపు తిరిగేముందు చెయ్యి చూపించిందా?”

 పైన ఫ్యాను చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

‘చూపించింది.’ ఒక్క మాట. ఆ ఒక్క మాట అంటే పిన్ని వెనకగదిలోంచి బయటపడుతుంది. పిన్ని చెయ్యి చూపించకుండా తిరిగే మనిషి కాదని చిటపటకి తెలుసు. ఖాయంగా తెలుసు. కానీ ఆ రోజు తన కళ్ళు ఎక్కడున్నాయి? పిన్ని కళ్ళలోకి చూడలేక చిటపట బోను చెక్క వైపు చూసింది.

“నేను చూడలేదు.”

“చూపించలేదంటావు.”

“అలా అనలేదు!” చిటపట పాదం నేలకేసి కొట్టబోయింది. కుంటి పీట టకామంది. “నేను చూడలేదన్నాను. చూపించలేదనడం వేరు. నేను వ్యాన్నే చూస్తున్నాను. ఒకేసారి రెండు వైపులా చూడటానికి నాకేమైనా నాలుగు కళ్ళున్నాయా?”

“ఇక చాలు,” అన్నాడు లాయరు తృప్తిగా, జడ్జిగారి వైపు తిరిగి.

చిటపట బోను దిగి అమ్మ పక్కన కూర్చుంది. అమ్మ అటు తిరిగి కూర్చుంది. అవతల పక్క పిన్ని ఒళ్ళో కర్రనే చూసుకుంటోంది. ఎవరైనా ఒక దెబ్బ వేసినా బాగుండుననిపించింది.

జడ్జిగారు ఏదో రాసుకుంది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. “ఆ అబ్బాయిని మళ్ళీ పిలవండి,” అంది.

పక్కగది తలుపు తీశారు. ఊఁకొట్టు వచ్చి పీట ఎక్కాడు. ఇంతసేపూ ఇక్కడ ఏం జరిగిందో వాడికి తెలియదు. హాలు అంతా చూసి, చూసి, అక్కని వెతికి పట్టుకున్నాడు. కనుబొమలు ఎత్తాడు. ‘ఇప్పుడేం చెప్పాలి?’

చిటపట తల ఊపితే చాలు. పెదాలు కదిపితే చాలు. వాడు చదివేసుకుంటాడు.

చిటపట బల్ల మీద గిర్రున వెనక్కి తిరిగి, గోడవైపు మొహం పెట్టుకుని కూర్చుంది.

“ఇందాక నువ్వు చెప్పింది పక్కన పెడదాం,” అంటున్న జడ్జిగారి గొంతు వెనకనుంచి వినిపించింది. “ఎవరూ నేర్పంది కావాలి నాకు. ఆ రోజు నువ్వేం చూశావు?”

 గోడ మీద సున్నం పెచ్చు ఊడిన చోట ఒంటెలా ఉంది. చిటపట ఆ ఒంటెనే చూస్తోంది. వెనక్కి తిరగాలని మెడ లాగుతోంది. రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది.

“నేను అమ్మని చూస్తున్నాను,” అన్నాడు ఊఁకొట్టు.

“వ్యాన్ని కాదా?”

“వ్యాను నాకెందుకు? అమ్మ ఆ టైముకి మా మలుపులోకి వస్తుంది. రోజూ నేను అమ్మనే చూస్తాను. అమ్మ చెయ్యి చాపింది.”

హాల్లో ఎవరో ఊపిరి గట్టిగా పీల్చారు.

“ఎలా చాపింది? చూపించు.”

చిటపటకి కనిపించలేదు. వాడు చెయ్యి పూర్తిగా చాపి ఉంటాడనుకుంది, ఎందుకంటే చెక్కకి ఏదో తగిలిన చప్పుడయింది.

“చేతిలో ఉత్తరం ఉంది,” అన్నాడు వాడు. “తర్వాతి ఇంటిది. ప్రతి ఇంటి దగ్గరా సంచిలో వెతుక్కోకుండా అమ్మ తర్వాతి ఇంటి ఉత్తరం ముందే తీసి పట్టుకుంటుంది. అందుకే చెయ్యి చాపితే నాకు ఉత్తరం ఊపినట్టు ఉంటుంది. నేనూ ఊపుతాను. ఆ రోజు కూడా ఊపాను.”

డ్రైవరు లాయరు లేచాడు. “బాబూ, ఇంత ముఖ్యమైన సంగతి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?”

“ఎవరూ అడగలేదు,” అన్నాడు ఊఁకొట్టు మామూలుగా. “అందరూ ఫోను గురించే అడిగారు.”

 లాయరు కూర్చున్నాడు కాబోలు, కుర్చీ కిర్రుమంది.

* * *

తీర్పు ఆ రోజు రాలేదు. తీర్పులు అంత తొందరగా వస్తే కోర్టు బల్లలు అంత నున్నగా ఎందుకవుతాయి? ఇద్దరు పిల్లలూ చెప్పిందీ, డ్రైవరు చెప్పిందీ అంతా కలిపి చూసి, ఇంకో రోజు చెబుతానంది జడ్జిగారు. లేచేముందు చిటపటని పిలిచి, “సాక్షికి నేర్పడం చిన్న తప్పు కాదు. ఈ సంగతి కూడా రాసుకున్నాను,” అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె మొహంలో నవ్వు లేదు.

లాయరమ్మ కూడా కోపంగానే ఉంది. “ముందే నాతో చెప్పి ఉండాల్సింది,” అని ఒక్క మాట అని వెళ్ళిపోయింది.

వరండాలో డ్రైవరు గోడవారగా నిలబడ్డాడు. పిన్ని కర్ర టక్కుటక్కుమనిపిస్తూ వెళ్ళి అతని ముందు ఆగింది. 

“నా తల కింద ఏదో చొక్కా ఉందని ఆస్పత్రిలో చెప్పారు. అది నీదేనా? దారినపోయే ఎవరిదో అనుకున్నాను.”

“నాదేనండీ.”

“మరక పోయిందా?”

“పోలేదండీ.”

“పోదు. రక్తం మరక ఆరకముందే చన్నీళ్ళలో నానబెట్టాలి. వేణ్ణీళ్ళలో ఉతికి ఉంటావు.” పిన్ని కర్రని నేలకేసి పొడిచింది. “చొక్కా పెట్టావని గీత దాటింది మర్చిపోతాననుకోకు. కేసు వదిలేది లేదు.”

“అలాగేనండీ,” అన్నాడతను, తల వంచుకుని.

పిన్ని ఇటు తిరిగింది. చిటపట తిట్లకి సిద్ధపడి నిలబడింది.

“నీ మీద నాకు చాలా కోపంగా ఉందే,” అంది పిన్ని. “ఎనిమిదేళ్ళ వాడి నోట్లో నీ మాటలు కుక్కుతావా? ఇంటికి పద, నీ సంగతి చెబుతాను.” ఆ మాట అంటూనే చిటపట భుజం మీద చెయ్యి వేసి, బరువంతా ఆనించింది. “ముందు మెట్లు దిగనీ.”

నెమ్మదిగా దిగసాగారు. ఒక మెట్టుకి ఒకసారి ఆగుతోంది పిన్ని. ఊఁకొట్టు ముందు దిగి, వెనక్కి తిరిగి వాళ్ళకోసం ఆగుతున్నాడు.

“ఒరేయ్,” అంది చిటపట. “ఆ రోజు ఇంకా ఏమేం చూశావురా?”

వాడు అనుమానంగా చూశాడు. “చెబితే మధ్యలో ఆపవుగా?”

చిటపట నోరు తెరిచింది. ‘నేనెప్పుడు ఆపానురా?’ అన్న మాట పెదాల దాకా వచ్చింది. మింగేసింది. నోరు మూసుకుని తల అడ్డంగా ఊపింది.

వాడు మెట్టు మీద కూర్చుని, మొదట్నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.